క్యూరేటు గుడ్డు, తాలు వడ్లు

పోయిన నెల డిగ్రీ రెండో సంవత్సరం తరగతిలో ఒక ఆంగ్ల పుస్తక సమీక్షను తెలుగులోకి అనువదించమని విద్యార్థులకు ఇచ్చాను. ఆ సమీక్షకుడు కథల సంకలనాన్ని 'క్యూరేట్స్ ఎగ్' అని ఒక్క మాటలో తేల్చేశాడు. నిఘంటువు తీస్తే 'కొంత మంచి, కొంత చెడు కలిసినది' అన్న అర్థం దొరుకుతుంది కనుక పిల్లలందరూ ఆ ప్రకారమే రాసుకొచ్చారు. మిర్యాలగూడ వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం ఆ వాక్యాన్ని ఖాళీగా వదిలేసి, లేచి నిలబడి, "సార్, గుడ్డు సగం మంచిగ, సగం ఖరాబుగ ఎట్లుంటది?" అని అడిగింది. నల్లగొండలో పదిహేడేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. ఈ జాతీయం గురించి ఇంత సూటి ప్రశ్న నాకు ఎన్నడూ ఎదురుకాలేదు. గంట కొట్టడంతో ఆనాడు సగంలో ఆగిపోయిన జవాబును ఇక్కడ పూర్తి చేస్తున్నాను.

ఈ మాట ఒక వ్యంగ్య చిత్రం నుంచి పుట్టింది. లండన్‌లో 1841లో మొదలైన 'పంచ్' అనే హాస్య పత్రిక 1895 నవంబరు 9 నాటి సంచికలో జార్జ్ డ్యూ మోరియే గీసిన బొమ్మను అచ్చువేసింది. యవ్వనంలోనే ఒక కంటి చూపు పోవడంతో తైలవర్ణ చిత్రకారుడు కావాలన్న ఆశ వదులుకొని, పత్రికలకు బొమ్మలు గీస్తూ స్థిరపడిన కళాకారుడాయన. ఆ బొమ్మలో బిషప్పు గారి ఇంట పొద్దుటి ఫలహారానికి ఒక క్యూరేటు, అంటే చర్చిలోని ఒక చిన్న గురువు, అతిథిగా కూర్చున్నాడు. "మీకు చెడిపోయిన గుడ్డు వచ్చినట్లుంది, మిస్టర్ జోన్స్" అని బిషప్పు అంటే, ఆ క్యూరేటు కంగారుపడి, "అయ్యో లేదు ప్రభూ, నిజంగా చెబుతున్నాను, ఇందులో కొన్ని భాగాలు చాలా బాగున్నాయి!" అంటాడు. బొమ్మకు పెట్టిన పేరు 'నిజమైన వినయం'.

ఈ బొమ్మ కంటే కొన్ని నెలల ముందే, అదే సంవత్సరం మే 22న, దాని పోటీ పత్రిక 'జూడీ'లో విల్కర్సన్ అనే చిత్రకారుడు దాదాపు ఇదే సంభాషణను బొమ్మగా వేశాడు. అయినా లోకం గుర్తుపెట్టుకున్నది డ్యూ మోరియే బొమ్మనే. ఆయన మాత్రం తన బొమ్మ జాతీయంగా మారడాన్ని చూడలేదు. 1896 అక్టోబరులో కన్నుమూశాడు.

క్యూరేటు ఎవరో తెలియకపోతే ఈ బొమ్మలోని ప్రాణం అందదు. బిషప్పు, పాస్టరు అన్న మాటలు మన జిల్లాల్లో కొత్తవేమీ కావు. ఇంగ్లండు చర్చిలో క్యూరేటు అంటే ఒక పారిష్‌కు, అంటే ఒక చర్చి పరిధిలోని ప్రాంతానికి, బాధ్యుడైన గురువు కింద సహాయకుడిగా పనిచేసే చిన్న గురువు. అతని జీతం తక్కువ, ఉద్యోగానికి స్థిరత్వం లేదు; అతనికి అనుమతి పత్రం ఇచ్చేదీ, రేపు ఎక్కడైనా స్థిరమైన చోటు దొరకాలంటే మంచి మాట చెప్పవలసిందీ ఆ బిషప్పే. అటువంటి మనిషికి బిషప్పు గారి బల్ల మీద, బిషప్పు గారి ఎదుట, మురిగిన గుడ్డు వచ్చింది. గుడ్డు చెడిందని బిషప్పే ఒప్పుకుంటున్నా, అవునని తల ఊపడానికి కూడా అతనికి ధైర్యం చాలలేదు. దీనిని మన మొహమాటంతో పోల్చడం నాకు సమ్మతం కాదు. మొహమాటం సమానుల మధ్య, చుట్టాల మధ్య కూడా ఉంటుంది. ఇది పై అధికారి ముందు పుట్టే భయభక్తులకు సంబంధించినది.

ఇక గుడ్డు సంగతి. మా అవ్వ కోడిని పొదగేసినప్పుడు గంపలో ఊక పరిచి, దాని మీద గుడ్లు పేర్చేది. ఇరవై ఒక్క రోజులు దాటి పిల్లలు దిగిన తరువాత మిగిలిన గుడ్లను ఒక్కొక్కటిగా తీసి, చెవి దగ్గర పెట్టుకొని మెల్లగా ఊపేది. లోపల నీళ్లు కదిలినట్లు చప్పుడైతే అది మురిగిన గుడ్డు. ఒకసారి అలాంటి గుడ్డును నా చేతిలో పెట్టినప్పుడు, పగలగొట్టి చూస్తే కొంతైనా బాగుంటుందేమోనని నేను అడిగాను. "మురిగిన గుడ్డుల మంచి సగం ఏడుంటది బిడ్డా, పగలకుండ తీసుకపోయి పెంటల పారేసి రా" అంది. నేను దారిలో జారవిడిచాను. ఆ వాసన చాలాసేపటి వరకు వాకిలిని వదలలేదు. గుడ్డు పెంకుకు కంటికి కనిపించని వేల రంధ్రాలుంటాయి. వాటిగుండా సూక్ష్మజీవులు లోపలికి చేరి పచ్చసొన, తెల్లసొన తేడా లేకుండా అంతటా పాకుతాయి, గంధకపు వాయువు పుడుతుంది. అందువల్ల ఒక చెంచా చెడితే గుడ్డంతా చెడినట్లే. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలునంటాం కదా, గుడ్డు విషయంలోనూ అంతే.

కనుక ఆ అమ్మాయి అనుమానమే సరైనది. డ్యూ మోరియే గుడ్డులో బాగున్న భాగం లేదు. అది పూర్తిగా చెడినది. దానిని 'కొంత బాగుంది' అనవలసి రావడమే అక్కడి విషయం. కానీ జాతీయం తన మొదటి అర్థాన్ని ఎక్కువ కాలం నిలుపుకోలేదు. పదేళ్లు తిరిగేసరికి, 1905లో, ఒక దుస్తుల ఫ్యాషన్ పత్రిక గడిచిన వసంత, వేసవి కాలాల ఒడుదొడుకులను చెబుతూ, క్యూరేటు గుడ్డు మాదిరిగా అవి కొన్ని భాగాల్లో చాలా బాగున్నాయని రాసింది. అక్కడ భయమూ లేదు, బిషప్పూ లేడు. మంచీ చెడూ నిజంగానే కలిసి ఉన్నాయన్న అర్థమే మిగిలింది. ఇప్పటి సమీక్షకులు వాడేది ఈ రెండో అర్థాన్నే. పంచ్ పత్రిక 1992లో మూతపడుతూ తన చివరి సంచికలో పాత బొమ్మనే మళ్లీ వేసి, ఈసారి గుడ్డు చెడిపోయిందని క్యూరేటు చేతే మోటుగా చెప్పించింది. తొంభై ఏడేళ్లకు ఆ మనిషి నోరు తెరిచాడన్నమాట.

మొదటి అర్థం నాకు పుస్తకాల వల్ల తెలిసినది కాదు. నేను తాత్కాలిక అధ్యాపకుడిగా ఒక కళాశాలలో చేరిన తొలి ఏడాది, నా ఒప్పందాన్ని పొడిగించే అధికారమున్న పెద్దాయన తాను రాసిన పద్యాల ప్రతిని ఇచ్చి అభిప్రాయం అడిగారు. ఆ పద్యాల్లో ఛందస్సు గానీ, భావం గానీ నిలిచిన చోటు ఒక్కటీ లేదు. "కొన్ని చోట్ల చాలా బాగా వచ్చాయి సార్" అన్నాను. ఏ చోట్ల అని ఆయన అడగలేదు. ఎంతో సంతోషించి, ఆ మాటను ముందుమాటగా రాసివ్వమన్నారు. రాసిచ్చాను. ఆ పుస్తకంలో నా పేరు కింద ఆ వాక్యం నేటికీ ఉంది, అది తలచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

మరి సమీక్షకుడి రెండో అర్థానికి తెలుగులో ఏమనాలి? కలగూరగంప అంటే రకరకాల కూరలు ఒకే గంపలో ఉన్నాయని తెలుస్తుంది కానీ వాటిలో చెడినవి ఉన్నాయని తెలియదు. కలగాపులగం అంటే క్రమం లేదన్న ధ్వని వస్తుంది. గుడ్డికన్నా మెల్ల మేలు అన్నది సర్దుకుపోయే మాట. ఏదీ అతకలేదు. ఈ ప్రశ్నను మరుసటి వారం తరగతి ముందే పెట్టాను.

జవాబు ఆ అమ్మాయి దగ్గరే ఉంది. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పండే ఊరు వాళ్లది. వాళ్ల నాన్న వడ్లు కొనుగోలు కేంద్రంలో పోసి రోజుల తరబడి కావలి ఉంటాడు. తూకం వేసేటప్పుడు తాలు ఉన్నదంటూ తరుగు తీస్తారని, అందుకే తూకానికి ముందే వాళ్లు మళ్లీ ఒకసారి తూర్పార పడతారని చెప్పింది. రెండు అరచేతుల్లో వడ్లు పట్టుకున్నట్లు చూపించి, "ఊదితే తాలు ఎగిరిపోతది సార్, గట్టి గింజ చేతులనే ఉంటది. గుడ్డును ఊదలేం కదా" అంది.

తరువాత ఖాళీగా వదిలిన చోట తన వాక్యం రాసి తెచ్చి చూపించింది: "ఈ సంకలనం తాలు కలిసిన వడ్లరాశి; తూర్పార పట్టుకునే ఓపిక ఉన్న పాఠకుడికి గట్టి గింజలు దొరుకుతాయి." ఎర్ర సిరా పెన్ను మూత పెట్టి ఆ కాగితాన్ని తరగతికి చదివి వినిపించాను.