లారీ కడిగాను, ముందు లోపల

ఈరోజు బండి కడిగాను. అందరూ బయటి మెరుపే చూస్తారు, నాకు మాత్రం ముందు క్యాబిన్. తినేదీ పడుకునేదీ అందులోనే కదా! సీటు కింద ఖాళీ సీసా దొర్లుకుంటూ వచ్చి బ్రేక్ పెడల్ కింద ఇరుక్కుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ముందద్దం లోపలివైపు పట్టే సన్నటి జిడ్డు పగలు అంతగా కనిపించదు. రాత్రి ఎదురు లైట్లు పడితే అద్దమంతా తెల్లగా మసకబారిపోతుంది. అందుకే చివర్లో పొడి గుడ్డతో మరోసారి తుడుస్తాను.

ప్రెషర్ వాషర్ చేతిలో ఉంటే ఊపొస్తుంది గానీ, హబ్ సీళ్లు (చక్రం మధ్యలో గ్రీజు బయటికి రాకుండా ఆపే రింగులు), వైరింగ్ కనెక్టర్లు, రేడియేటర్ రెక్కల దగ్గర దూరం పాటించాలి. చక్రం బేరింగులోకి నీళ్లు దూరితే గ్రీజు పాడవుతుంది. ఛాసిస్ కింద బురద మాత్రం వదలను, తుప్పు మొదలయ్యేది అక్కడే. క్రోమ్ మెరిపించే ఓపిక లేదు. టెయిల్ లైట్లు, రిఫ్లెక్టర్లు మాత్రం ఆగిన ప్రతిచోటా తుడుస్తాను.