డెడ్ ఆర్ అలైవ్ ఎక్స్‌ట్రీమ్ 3 తెప్పించుకునేవాళ్లకు

2016 మార్చి 24న జపాన్‌లో సోనీ గేమ్ మెషీన్లు పీఎస్4 (ప్లేస్టేషన్ 4), వీటా (చేతిలో పట్టుకుని ఆడేది)లకు వచ్చిన ఈ బీచ్ గేమ్‌ను దాని కంపెనీ కోయి టెక్మో అమెరికా, యూరప్‌లలో విడుదల చెయ్యలేదు. ఆడపాత్రల్ని బికినీ బొమ్మల్లా చూపారని ఒకవైపు విమర్శ, విడుదల చెయ్యకపోవడం సెన్సార్‌షిప్ అని ఇంకోవైపు కోపం. విమర్శ న్యాయమైనదే, నా దృష్టిలో. అయినా కొనేవాళ్లు ఆగలేదు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉన్న ఆసియా ఎడిషన్ దిగుమతి షాపుల్లో దొరికింది. జపాన్ ఎడిషన్‌లో ఇంగ్లిష్ ఉండదు, కవర్ చూసుకుని కొనండి.

పీఎస్4కి రీజియన్ లాక్ (వేరే ప్రాంతపు డిస్క్ ఆడకుండా ఆపే అడ్డు) లేదు, డిస్క్ పెడితే ఆడేస్తుంది. చిక్కంతా డీఎల్‌సీతోనే, అంటే ఆన్‌లైన్ స్టోర్‌లో విడిగా కొనే డ్రెస్సుల్లాంటి అదనపు సరుకుతో. డిస్క్ ఏ రీజియన్‌దో ఆ రీజియన్ అకౌంట్‌తోనే కొనాలి. వేరే రీజియన్ స్టోర్‌లో కొన్న డ్రెస్సులు గేమ్‌లో కనిపించవు, డబ్బులు దండగ. వీటాలో మరీ తలనొప్పి: ఒకసారికి ఒకే అకౌంట్, మార్చాలంటే మెషీన్ రీసెట్ చెయ్యాల్సిందే. ముందే సేవ్ ఫైళ్లు బ్యాకప్ తీసుకోండి.