మంగమారిపేట రాళ్ళ మధ్య చుట్టాలు

డిసెంబరులో నేనూ మా మేనకోడలూ మంగమారిపేట వెళ్ళాం. తను జువాలజీ చదువుతోంది. పౌర్ణమి మర్నాడైతే పాటు బాగా తీస్తుందని రోజు కూడా తనే చూసింది. విశాఖలో భీమిలి బస్సెక్కి తొట్లకొండ దగ్గర దిగాం. చాలామంది అక్కడి శిలాతోరణం ముందు ఫోటోలు దిగి వెళ్ళిపోతారు. నాకైతే దాని చుట్టూ ఉన్న నీటి గుంటలే అసలు విశేషం అనిపించింది.

రాతి బొరియల్లో నల్లటి ముళ్ళతో సీ అర్చిన్లు ఇరుక్కుని ఉన్నాయి. ఒక రాయిని మెల్లగా ఎత్తితే కింద బ్రిటిల్ స్టార్ కనిపించింది. నడుమ చిన్న బిళ్ళ, చుట్టూ పాము తోకల్లా మెలికలు తిరిగే ఐదు చేతులు.

"ఇది దేనికి దగ్గర చుట్టమో చెప్పు మావయ్యా."

"స్టార్‌ఫిష్‌కే కదా!"

"అవును, కానీ అది తేలడానికి చాలా కాలం పట్టింది."

బ్రిటిల్ స్టార్ లార్వా (గుడ్డు నుంచి వచ్చే పిల్లదశ), సీ అర్చిన్ లార్వా చూడటానికి దాదాపు ఒకటేనట. రెంటికీ పొడవాటి చేతులు, వాటిలో సన్నటి సున్నపు కడ్డీలు. స్టార్‌ఫిష్ లార్వాకు ఆ కడ్డీలు లేవు. అందుకే బ్రిటిల్ స్టార్‌ను సీ అర్చిన్ వైపు చేర్చినవాళ్ళున్నారు. 2014లో వందల జన్యువులు పోల్చి చూసిన అధ్యయనాల్లో స్టార్‌ఫిష్, బ్రిటిల్ స్టార్ ఒక కొమ్మగా, సీ అర్చిన్, దోసకాయలా పొడుగ్గా మెత్తగా ఉండే సీ కుకుంబర్ ఇంకో కొమ్మగా తేలాయి. ఇదే వంశంలో పువ్వులా కనపడే సీ లిల్లీలు వీటన్నిటికంటే ముందే విడిపోయాయి. అలాంటప్పుడు ఆ లార్వా రూపం రెండుచోట్ల విడివిడిగా పుట్టి ఉండాలి. లేదా పూర్వీకులకే ఉండి, స్టార్‌ఫిష్‌లోనూ సీ కుకుంబర్‌లోనూ పోయి ఉండాలి. పోలిక కనపడితే చాలు చుట్టరికం కలిపేసే మనకు ఇది కొత్తగానే ఉంటుంది.

అదే గుంటలో ఒక పీత అటూ ఇటూ పరుగెడుతోంది. కళ్ళూ కాళ్ళూ ఉన్న ఆ పీత కంటే, తలంటూ కనపడని సీ అర్చినే మనుషులకు దగ్గర బంధువు! పిండం ఎదిగేటప్పుడు మొదట ఏర్పడే రంధ్రం మనలోనూ సీ అర్చిన్లలోనూ మలద్వారం వైపే ఉంటుంది. ఈ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

రాయిని ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేశాం. దాని కింద బతికేవాటికి ఎండ తగలకూడదు.

తిరిగొస్తుంటే ఒడ్డున వల దులిపినచోట ఒక స్టార్‌ఫిష్ పడి ఉంది. మేనకోడలు దాన్ని వెల్లకిలా తిప్పి, చేతుల వెంట తెరిచి ఉన్న గాడి చూపించింది. అందులోనే దాని నాళికాపాదాలు, అంటే అది పాకడానికి వాడే సన్నటి గొట్టాల్లాంటి పాదాలు, ఉంటాయి. బ్రిటిల్ స్టార్‌కు ఆ గాడి పైకి కనపడదు, పలకలు కప్పేసి ఉంటాయి. సీ అర్చిన్‌లోనూ ఆ పాదాలకు నీరందించే నాళాలు పెంకు లోపలే. ఒకప్పుడు ఆ రెంటినీ ఒక జట్టు చేయడానికి ఇదీ ఒక ఆధారమేనట.