తులానికి కాస్త తక్కువ: ఎల్క్ వేటకు తూటా ఎంచుకున్న నా అనుభవం

ఏప్రిల్‌లో దరఖాస్తు పెట్టిన లాటరీలో నాకు ఆడ ఎల్క్‌ను (పెద్ద జాతి జింక) వేటాడే లైసెన్స్ తగిలింది. అమెరికాలోని కొలరాడోలో ఏ ప్రాంతంలో ఎన్ని ఎల్క్‌లను వేటాడనివ్వాలో రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఏటా లెక్కగట్టి లైసెన్సులు ఇస్తుంది. వేట శిక్షణ పూర్తిచేసినట్టు ఇచ్చే హంటర్ ఎడ్యుకేషన్ కార్డు అప్పటికే చేతిలో ఉంది. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు అది తప్పనిసరి. ఇక మిగిలింది రైఫిల్. నాది గ్రీన్ కార్డు కాబట్టి కొనడానికి పేచీ లేదు. హెచ్1బీ వాళ్లకు మాత్రం తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే దానికి మినహాయింపు ఉంది. ఈ సంగతి తెలియక స్నేహితుడి తుపాకీ సరదాగా పట్టుకునేవాళ్లు చాలామందే ఉన్నారు, జాగ్రత్త.

ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట అంటే కేసూ జైలూ. అందుకని ఈ విషయంలో మా ఇంట్లో అడగడానికి పెద్దవాళ్లెవరూ లేరు. ఏ క్యాలిబర్, అంటే ఏ సైజు తూటా వాడాలని ఇక్కడి వాళ్లనడిగితే తలా ఒక మాట. 270 విన్‌చెస్టర్ చాలని ఒకరు, 300 విన్‌చెస్టర్ మాగ్నమ్ లేనిదే ఎల్క్ పడదని ఇంకొకరు, 6.5 క్రీడ్‌మోర్ పేరెత్తితే చాలు గొడవకు దిగేవాళ్లు మరికొందరు. ఈ తగువు ఇప్పటిది కాదు. పోయిన శతాబ్దంలో పత్రికల్లో రాసిన జాక్ ఓకానర్ తేలికగా, వేగంగా వెళ్లే 270ని నెత్తిన పెట్టుకుంటే, ఎల్మర్ కీత్ లావుపాటి బరువు తూటా తప్ప ఇంకేదీ పనికిరాదన్నాడు. ఇద్దరూ పోయి దశాబ్దాలైనా వాళ్ల శిష్యులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు.

చట్టం అడిగేది మాత్రం చాలా తక్కువ. కొలరాడోలో ఎల్క్‌కి రైఫిల్ కనీసం 6 మిల్లీమీటర్లది కావాలి, తగలగానే విచ్చుకునే తూటా బరువు కనీసం 85 గ్రెయిన్లు ఉండాలి (తూటా బరువును గ్రెయిన్లలో కొలుస్తారు), 100 గజాల దగ్గర వెయ్యి ఫుట్-పౌండ్ల శక్తి మిగలాలి. ఆ లెక్కన 243 అనే చిన్న క్యాలిబర్ కూడా పనికొస్తుంది. కానీ ఆడ ఎల్క్ సుమారు 225 కిలోలు, మగదైతే 300 దాటుతుంది. చట్టానికి సరిపోయింది కదా అని కనీసంతో సరిపెట్టడం నాకు నచ్చలేదు. తూటా ఊపిరితిత్తుల దాకా నేరుగా వెళ్లాలి, మధ్యలో భుజం ఎముక అడ్డొచ్చినా ఆగకూడదు.

నోరు నొప్పెట్టేలా వాదించుకునే ఈ క్యాలిబర్ల కన్నా తూటా తయారీయే ముఖ్యమని నాకు చదివేకొద్దీ అర్థమైంది. మామూలు తూటా అంటే పైన పల్చటి రాగి తొడుగు, లోపల సీసం. వేగంగా వెళ్లి దగ్గర్లోనే పెద్ద ఎముకకు తగిలితే అది ముక్కలైపోయి, లోతుకు పోకుండా పైపైనే గాయం చేస్తుంది. 1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మూస్ అనే భారీ జింక వేటకు వెళ్లిన జాన్ నోస్లర్‌కి ఎదురైంది ఇదే. బురద పట్టి ఎండిన దాని భుజం మీద అతని తూటాలు లోతుకు దిగలేదు. దాంతో తూటా నడుమ రాగి అడ్డుగోడ పెట్టాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం చెదరకుండా లోపలికి తోసుకుపోతుంది. 1948 నుంచి పార్టిషన్ పేరుతో అమ్ముతున్న ఆ తూటాకి ఇప్పటికీ తిరుగులేదు. నా మొదటి ఎంపిక కూడా అదే, 180 గ్రెయిన్లది. గ్రెయిన్ల లెక్క మనవాళ్ల తలకెక్కదు గానీ, 180 గ్రెయిన్లంటే సరిగ్గా పాత తులం, 11.66 గ్రాములు. ఆ మాట చెప్పగానే మా ఆవిడకి ఇట్టే అర్థమైపోయింది.

వెంటనే ఆమె అడిగిన ప్రశ్నతో లెక్కంతా మారింది. "సీసం ముక్కలు మాంసంలో ఉండిపోతాయట కదా, పిల్లలు తినేదండీ, చూసి కొనండి." నిజమే. సీసం తూటా లోపల రాలే రజను కంటికి కనిపించనంత సన్నగా ఉంటుంది, గాయం చుట్టూ చాలా దూరం పాకుతుంది. కడుపు చీల్చి వదిలేసిన పేగులు తిని రాబందులు చస్తున్నాయని కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసం తూటాలను పూర్తిగా నిషేధించింది. కొలరాడోలో ఆ నిషేధం లేదు. అయినా నేను మొత్తం రాగితో చేసిన తూటాకే మళ్లాను.

రాగితో ఒక చిక్కుంది. సీసం కన్నా గట్టిది కాబట్టి విచ్చుకోవాలంటే వేగం కావాలి. అందుకే రాగిలో ఒక మెట్టు తేలికది తీసుకోమంటారు. నేను 168 గ్రెయిన్లకు దిగాను, తులానికి కాస్త తక్కువ. బరువు తగ్గినా అది ముక్కలవ్వదు కాబట్టి లోతుకు వెళ్లడంలో తేడా రాదు.

ఇక రైఫిల్. వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ చాలా ఏళ్లుగా వేటాడుతున్న అన్న ఒకాయన గట్టిగా వెనక్కి తన్నే తన 300 మాగ్నమ్‌తో షూటింగ్ రేంజ్‌కి రమ్మన్నాడు. ఆయనే తూటా నింపి ఇస్తున్నాడు, నేను కాలుస్తున్నాను. మధ్యలో నాకు చెప్పకుండా ఒక డమ్మీ తూటా పెట్టాడు. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమని చప్పుడు తప్ప ఏమీ పేలలేదు, కానీ బారెల్ మాత్రం జానెడు కిందికి వంగింది. "చూసినవా తమ్మీ, దెబ్బ తగలకముందే భుజం ముడుస్తున్నవ్, కండ్లు మూస్తున్నవ్" అన్నాడు. అక్కడే మాగ్నమ్ ఆలోచన మానేశాను. అదే పరీక్ష 30-06 క్యాలిబర్ రైఫిల్‌తో చేస్తే బారెల్ కదల్లేదు. 1906లో అమెరికా సైన్యం కోసం పుట్టిన దాని తూటా కొండల్లోని చిన్న ఊళ్ల హార్డ్‌వేర్ షాపుల్లో కూడా దొరుకుతుంది. సామాన్లు పోగొట్టుకున్నా, పెట్టె ఇంట్లో మర్చిపోయినా పని ఆగదు. నేను కొన్నది అదే.

తర్వాత వేసవంతా కాగితపు గురుల మీద కాల్చడంతోనే గడిచింది. ఒకే రకం రాగి తూటాలో 180ది నా రైఫిల్‌లో గురి మీద తలో చోట తగిలేది, 168ది చెప్పినట్టు ఒకచోటే పడేది. ఎందుకో అడిగితే ప్రతి బారెల్‌కీ దాని ఇష్టాలుంటాయన్నారు. 200 గజాలకు సరిగ్గా తగిలేలా స్కోప్ సెట్ చేసుకున్నాను. అప్పుడు 300 గజాల దగ్గర ఏడెనిమిది అంగుళాలు కిందికి తగులుతుంది. బల్ల మీద ఆనించి కాల్చడం వేరు, ఎక్కుతూ ఆయాసపడి నేల మీద కూర్చుని కాల్చడం వేరు. కూర్చుని నేను నమ్మకంగా కొట్టగలిగింది 250 గజాల లోపే కాబట్టి, దానికి మించి కాల్చకూడదని గీత గీసుకున్నాను.

నవంబర్‌లో మీకర్ ఊరి పైనున్న కొండల్లో ఆడ ఎల్క్ ఒకటి 180 గజాల్లో పక్కకు తిరిగి నిలబడింది. తూటా ముందు కాలు వెనకగా దూరి, రెండు ఊపిరితిత్తులూ దాటి అవతలికి వెళ్లిపోయింది. ఎల్క్ కొన్ని అడుగులు నడిచి పడిపోయింది. తోలు తీస్తుంటే లోపలికి వెళ్లిన చోట చిటికెన వేలు పట్టేంత రంధ్రం, బయటికి వచ్చిన చోట బొటనవేలంత. భుజం మాంసం ఒక్క పిడికెడు కూడా పాడవలేదు.

తిరిగి రాగానే అదే లాట్ నంబరున్న, అంటే ఒకే విడతలో తయారైన తూటా పెట్టెలు ఇంకో మూడు కొని పెట్టుకున్నాను. లాట్ మారితే స్కోప్ మళ్లీ సరిచూసుకోవాలి. అన్న మాత్రం తన మాగ్నమ్ వదల్లేదు, ఆయన భుజం ఆయనిష్టం.