వెన్నుపూస విరిగాక మందు ఎంచుకోవడం

2022 ఫిబ్రవరిలో మేడారం జాతరకు బయలుదేరే ముందు రోజు, హనుమకొండలోని మా ఇంటి వరండాలో కూర్చుని, అమ్మవార్లకు మొక్కుకున్న బంగారాన్ని, అంటే బెల్లాన్ని, సంచిలో సర్దుతున్నాను. పది కిలోల ముద్దను వంగి ఎత్తగానే నడుముకు కొంచెం పైన ఎండుపుల్ల విరిగినట్టు టక్కుమన్నది. ఆ క్షణంలో పెద్దగా నొప్పి తెలియలేదు కానీ, కాసేపటికి మంచం మీద పక్కకు ఒత్తిగిలలేకపోయాను. ఎక్స్‌రే తీస్తే, పక్కటెముకలు అంటుకునే పూసల్లో చివరిదైన డి12 వెన్నుపూస ముందువైపు కుంగిపోయి, ఒక అంచు చెక్కేసిన ఇటుకలా కనిపించింది. ఎముక సాంద్రతను కొలిచే డెక్సా పరీక్షలో వెన్ను దగ్గర టి-స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న యువతి ఎముకలతో పోల్చి చెప్పే లెక్క, మైనస్ 3.1 వచ్చింది. అది మైనస్ 2.5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్ అంటారు. మా ఇళ్లలో బొక్కలు గుల్లబారడం అనే జబ్బు ఇదే.

అప్పటికి నాకు 60 ఏళ్లు, ఉపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసి రెండేళ్లు కావస్తోంది. ఈ జబ్బుకు పునాది మాత్రం 2003లోనే పడింది. అధిక రక్తస్రావంతో బాధపడుతున్న నాకు 41వ ఏట ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. "పిల్లలు పెద్దవాళ్లయ్యారు కదా, ఇక దానితో పనేముంది" అని అక్కడ అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఎముకను అరగదీసే కణాలను అదుపులో ఉంచేది ఈస్ట్రోజెన్ హార్మోను అనీ, అండాశయాలు తీసేస్తే అది ఒక్కసారిగా పడిపోతుందనీ, సహజంగా ముట్లుడిగే వయసు వరకైనా హార్మోను మాత్రలు వాడవచ్చేమో ఆలోచించాలనీ ఎవరూ చెప్పలేదు. డెక్సా సంగతి అటుంచి, కాల్షియం గోలీ కూడా రాయలేదు. ఈ విషయంలో నా బాధ తీరేది కాదు. మా వాడకట్టులోనే నలభై దాటకముందు గర్భసంచి తీయించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అండాశయాలు ఉంచారా తీసేశారా అని కాగితాలు వెతికి చూసుకోమని కనబడిన ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను.

డాక్టరుగారు మొదట రాసింది ఎముక అరుగుదలను తగ్గించే అలెండ్రోనేట్, 70 మిల్లీగ్రాముల గోలీ, వారానికి ఒకటి. ఆదివారం తెల్లవారుజామున లేచి, పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో వేసుకుని, అరగంట పాటు పడుకోకుండా, చాయ్ కూడా తాగకుండా కూర్చోవాలి. ఆ గోలీ గొంతులోనో అన్నవాహికలోనో నిలిచిపోతే అక్కడ పుండు పడుతుంది కాబట్టి ఇన్ని నియమాలు. నియమం తప్పకపోయినా నాలుగో నెల నుంచి ఛాతీలో మంట మొదలైంది. సరిగ్గా అప్పుడే, ఈ మందు వాడితే దవడ ఎముక కుళ్లిపోతుందని చెప్పే వీడియో ఒకటి ఫోనులో వచ్చింది. "అంత మండుతుంటే ఎందుకు మింగుతున్నవ్, మానెయ్యరాదు" అన్నారు మావారు. డాక్టరుగారికి ఒక్క మాట కూడా చెప్పకుండా మానేశాను. నా అనారోగ్యంలో నేను చేసిన అతి పెద్ద తప్పు అదే.

2023 జనవరిలో భోగి నాటి ఉదయం వాకిట్లో ముగ్గు వేస్తూ ముందుకు వంగినప్పుడు మరో వెన్నుపూస, ఈసారి డి12 కిందనే ఉండే ఎల్1, కుంగింది. ఏ బరువూ ఎత్తలేదు. చేతిలో ఉన్నది ముగ్గు గిన్నె మాత్రమే. ఆరు వారాలు నడుముకు బెల్టు కట్టుకుని పడుకున్నప్పుడు నాకు మా అమ్మే కళ్ల ముందు మెదిలింది. పరకాల దగ్గర మా ఊళ్లో స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగితే, మంచం దిగకుండానే ఏడో నెలలో ఆమె కన్నుమూసింది. మందు వల్ల ఏమవుతుందోనని భయపడిన నేను, మందు లేకపోతే ఏమవుతుందో నా ఇంట్లోనే చూసి ఉండి కూడా ఆలోచించలేదు.

ఈసారి ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని, మా బిడ్డను వెంటబెట్టుకుని డాక్టరుగారి దగ్గరకు వెళ్లాను. మొదటి ప్రశ్న దవడ గురించే. ఆ వీడియోలో చూపించినవి ఎక్కువగా క్యాన్సర్ రోగుల కేసులని ఆయన వివరించారు. ఎముకలకు పాకిన క్యాన్సర్‌కు ఇదే జాతి మందును చాలాసార్లు నెలనెలా ఎక్కిస్తారు, మాకు ఇచ్చేది అందులో చిన్న భాగం. ఆస్టియోపోరోసిస్ మోతాదులో దవడ దెబ్బతినడం ఏడాదికి పది వేల మందిలో ఒకరి కంటే తక్కువమందిలో జరిగేదని అంచనా. నాకు మరో వెన్నుపూస విరిగే అవకాశంతో పోలిస్తే అది లెక్కలోకి వచ్చేది కాదు.

హార్మోను చికిత్సకు నా సమయం దాటిపోయింది. అండాశయాలు పోయి 20 ఏళ్లయ్యాక, 60 దాటాక మొదలుపెడితే పక్షవాతం, రక్తం గడ్డకట్టడం వంటి ముప్పులు మేలు కంటే ఎక్కువవుతాయి. ఎముక మీద ఈస్ట్రోజెన్‌లా పనిచేసే రాలాక్సిఫెన్ గోలీ వెన్నుపూసలను కాపాడుతుంది కానీ తుంటిని కాపాడినట్టు రుజువు కాలేదు. నా భయమంతా తుంటి గురించే. టెరిపారటైడ్ ఎముకను కొత్తగా కట్టే మందు, రెండు పూసలు విరిగినవాళ్లకు అదే మొదట ఇవ్వడం మంచిదని ఆయన మొగ్గు. ఎలుకల్లో ఎముక క్యాన్సర్ కనిపించిందని దాని మీద ఉంచిన తీవ్ర హెచ్చరికను అమెరికా ఔషధ సంస్థ 2020లో తొలగించింది కూడా. అయితే దాన్ని రోజూ సూదితో చర్మం కింద పొడుచుకోవాలి, రెండేళ్లు వాడాలి, ఆ తర్వాత మళ్లీ వేరే మందు తప్పదు. ఖర్చు మా పింఛనుకు మించింది. నేను దాన్ని వద్దనుకున్నది డబ్బు చూసుకునే గానీ దుష్ఫలితాలు చూసి కాదు.

చివరికి మిగిలినవి రెండు: ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ సూది, అలెండ్రోనేట్ జాతిదే అయినా ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లం. డెనోసుమాబ్ ఎముక సాంద్రతను బాగా పెంచుతుంది, కడుపులో మంట ఉండదు, కాబట్టి మా బిడ్డ మనసు దాని మీదే ఉంది. నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఒక సూది తప్పిపోతే ఏమవుతుంది?" దాని ప్రభావం ఆరు నెలలు దాటగానే వేగంగా దిగిపోతుందనీ, ఆపేసి మరో మందు వేసుకోకపోతే ఒకేసారి రెండు మూడు పూసలు విరిగిన సందర్భాలున్నాయనీ ఆయన చెప్పారు. జోలెడ్రోనిక్ ఆమ్లం అలా కాదు, ఎముకలోనే అంటుకుని ఉండిపోయి, ఆపాక కూడా కొంతకాలం పనిచేస్తుంది. ఛాతీలో మంటకే మందు మానేసిన మనిషిని నేను. మంచానపడ్డ అత్తగారి బాధ్యత కూడా నా మీదే ఉంది. తేదీ తప్పితే శిక్ష వేసే మందు నాకు సరిపడదని అక్కడికక్కడే తేల్చుకున్నాను.

జోలెడ్రోనిక్ ఆమ్లానికి ముందు మూత్రపిండాల కోసం క్రియాటినిన్, రక్తంలో కాల్షియం, విటమిన్ డి చూశారు. డి కేవలం 14 ఉండటంతో వారానికి 60,000 యూనిట్ల చొప్పున ఎనిమిది వారాలు వేసుకున్నాను. దంతవైద్యురాలు పుచ్చిన కింది దవడ పన్ను ఒకటి పీకి, ఆ గాయం పూర్తిగా మానేదాకా ఆగమన్నారు. ఏప్రిల్‌లో 5 మిల్లీగ్రాముల మందు అరగంటలో ఎక్కించారు. ఆ రాత్రి పదకొండింటికి మొదలైన చలిజ్వరానికి మూడు దుప్పట్లు చాలలేదు, దవడ నుంచి కాలి వేళ్ల దాకా ప్రతి కీలూ పులిసిపోయింది. మొదటిసారి తీసుకున్న ముగ్గురిలో ఒకరికి ఇలా అవుతుందని ముందే చెప్పి ఉండటంతో, పారాసెటమాల్ వేసుకుని, మంచినీళ్లు తాగుతూ రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు మామూలుగా లేచి చాయ్ పెట్టుకున్నాను. రెండో ఏడాది ఒళ్లు కొంచెం వెచ్చబడి ఊరుకుంది.

2025లో మూడో మోతాదుకు ముందు డెక్సా మళ్లీ తీయించారు. రెండో పూస విరిగినప్పుడు మైనస్ 3.3 ఉన్న టి-స్కోరు మైనస్ 3.0కి వచ్చింది. చూడటానికి చిన్న మార్పే కానీ, ఈ రెండేళ్లలో ఒక్క ఎముకా విరగలేదు. తగ్గిన ఎత్తు మాత్రం తిరిగి రాలేదు. చీర కుచ్చిళ్లు నేలకు తగులుతుంటే రెండు వేళ్ల మేర ఎక్కువ దోపుకుంటున్నాను. పొద్దున తైదల అంబలి, సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద నడక, ఫిజియోథెరపిస్టు నేర్పినట్టు నడుము వంచకుండా మోకాళ్లు వంచి వస్తువు అందుకోవడం అలవాటయ్యాయి. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ అందరూ వంగి చప్పట్లు కొట్టేచోట నేను నిటారుగా నిలబడి కొడుతున్నాను.

మూడేళ్ల తర్వాత కొందరికి ఈ మందుకు విరామం ఇస్తారు. రెండు పూసలు విరిగిన నాకు కొనసాగించాలా వద్దా అన్నది తర్వాతి పరీక్షలు చూసి తేలుస్తామన్నారు. ఎక్కువ ఏళ్లు వాడితే తొడ ఎముక అసాధారణంగా విరిగే ముప్పు అరుదుగా ఉంటుంది, దానికి ముందు తొడలోనో గజ్జలోనో లోలోపల నొప్పి వస్తుంది. అందుకే వెళ్లిన ప్రతిసారీ డాక్టరుగారు మొదట ఆ నొప్పి గురించే అడుగుతారు. ఆయన అడగకపోతే నేనే ముందుగా చెబుతున్నాను.