క్లార్క్ కీ: దొరగారి పేరు, కూలీల రేవు

సింగపూరులో రెస్టారెంట్ల ఏసీలు, ఫ్రీజర్లు బాగుచేసే పనిలో ఉన్నందువల్ల, ఒకప్పటి సరుకుల రేవు, ఇప్పటి పబ్బుల వీధి అయిన క్లార్క్ కీని (కీ అంటే రేవు) నేను ఎక్కువగా రాత్రిపూట, అదీ వెనుక గుమ్మం వైపు నుంచే చూశాను. ముందువైపు నది ఒడ్డున పాటలు, రంగురంగుల దీపాలు, కిటకిటలాడే బల్లలు. వెనుక సందులో బీరు పీపాలు దొర్లించేవారు, గిన్నెలు కడిగేవారు, వంటింటి వేడికి తడిసిన చొక్కాతో రెండు నిమిషాలు గాలి పీల్చుకోవడానికి వచ్చి నిలబడే వంటవాళ్ళు.

సెలవుకు రాజోలు వచ్చినప్పుడు మా మావయ్య, "ఆ క్లార్క్ ఎవర్రా, మన కాటన్ దొర లాంటివాడేనా?" అని అడిగారు. "ఆయనా ఇంజనీరు దళం నుంచి వచ్చినవాడే మావయ్యా," అన్నాను. సర్ ఆండ్రూ క్లార్క్ 1873 నుంచి 1875 వరకు అక్కడ గవర్నరుగా ఉండి, 1874లో పాంగ్‌కోర్ ఒప్పందంతో మలయా రాజ్యాల్లో ఆంగ్లేయుల పెత్తనానికి దారి తీశాడు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ పేరును మన డెల్టా ప్రేమతో నిలుపుకుంది. క్లార్క్ పేరుకు అటువంటి ఋణబంధం నాకు కనిపించదు.

ఆ రేవును నిలబెట్టినవారు బస్తాలు మోసిన చైనా కూలీలు. ముందుభాగాన కళ్ళు చిత్రించిన పడవల నుంచి సరుకు దించి గిడ్డంగులకు చేర్చిన తరువాత, సాయంత్రాలు రీడ్ వంతెన దగ్గర కథకుని చుట్టూ చేరేవారు. కథకుడు అగరువత్తి వెలిగించి కథ ఎత్తుకునేవాడు. అది కాలిపోగానే కథ ఆపి, చిల్లర వసూలు చేసుకుని, మరొకటి వెలిగించేవాడు. బుర్రకథ విని పెరిగిన నాకు ఆ రేవు రాత్రి వినోదాల్లో అన్నిటికన్నా ఇదే నచ్చింది.

1977లో మొదలైన నది ప్రక్షాళన పదేళ్ళు సాగింది. 1983లో సరుకు పడవలను పాసిర్ పంజాంగ్ తీరానికి తరలించారు, 1993లో పాత గిడ్డంగులు హోటళ్ళుగా, దుకాణాలుగా తెరుచుకున్నాయి. నీళ్ళు బాగుపడ్డాయి, కాని పడవవాళ్ళ బతుకుతెరువు ఆ ఒడ్డు నుంచి వెళ్ళిపోయింది. మన వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాళ్ళకు నేను ముందు రీడ్ వంతెన చూపించి, ఈ సంగతులన్నీ చెప్పిన తరువాతే పబ్బుల వీధిలోకి తీసుకువెళతాను.