గేట్ ఓఎస్ ప్రిపరేషన్: కౌంటర్‌ను ఒకటి పెంచడం వెనక ఉన్నదంతా

హనుమకొండ నయీంనగర్, సుబేదారి స్టడీ హాళ్లలో గేట్ కంప్యూటర్ సైన్స్ (సీఎస్) పరీక్షకు కూర్చున్న మిత్రులకు ఒక మాట. ఆపరేటింగ్ సిస్టమ్స్ (ఓఎస్)లో సింక్రనైజేషన్, అంటే ఒకే డేటాను పంచుకునే పనులు ఒకదానికొకటి అడ్డుపడకుండా చూడడం, అనగానే చాలామంది సెమఫోర్ లెక్కలు నాలుగు చేసి పక్కకు పెడతారు. సిలబస్‌లో పర్-సీపీయూ కౌంటర్ (ప్రతి సీపీయూకూ విడిగా ఉండే లెక్క) అన్న మాట కనబడదు, నిజమే. అయినా దానికి ఒక సాయంత్రం ఇవ్వండి. రేస్ కండిషన్ (ఎవరు ముందు రాశారన్న దాన్ని బట్టి జవాబు మారిపోవడం) మనకు నిజంగా అర్థమైందా, లేక నిర్వచనం మాత్రమే నోటికొచ్చిందా అన్నది అక్కడ తేలిపోతుంది.

ముందు పాత ప్రశ్నతోనే మొదలుపెడదాం. ఒకే వేరియబుల్‌ను రెండు ప్రాసెస్‌లు చెరి 5 సార్లు ఒకటి చొప్పున పెంచుతాయి. మొదటి విలువ 0. చివరి విలువ గరిష్ఠంగా 10, అందులో అనుమానం లేదు. కనిష్ఠం అడిగితే ఎక్కువమంది 5 అని రాస్తారు. సరైన జవాబు 2. కాగితం మీద వేసి చూడండి: మొదటి ప్రాసెస్ 0 చదివి ఆగింది. రెండోది తన 4 రౌండ్లు పూర్తి చేసింది, విలువ 4. మొదటిది లేచి తన పాత లెక్క ప్రకారం 1 రాసింది. ఇప్పుడు రెండోది తన ఆఖరి రౌండ్ కోసం ఆ 1 చదివి ఆగింది. మొదటిది మిగిలిన 4 రౌండ్లూ ముగించింది. చివరగా రెండోది 2 రాసింది. చదవడం, కలపడం, రాయడం అనే మూడు మెట్లను విడివిడిగా చూస్తేనే ఇది తడుతుంది.

ఇక్కడే ఒక ప్రయోగం చేయండి. రెండు పీథ్రెడ్లతో (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే థ్రెడ్లతో) ఒకే వేరియబుల్‌ను చెరో 10 లక్షల సార్లు పెంచే సీ ప్రోగ్రామ్ రాసి, జీసీసీ కంపైలర్‌లో ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ చేయండి. మొత్తం 20 లక్షలు రావడం చాలా అరుదు. అదే ప్రోగ్రామ్‌కు ఆప్టిమైజేషన్ లెవెల్ 2 (-O2) పెడితే కంపైలర్ లూప్ మొత్తాన్ని ఒకే కూడికగా మార్చేస్తుంది, జవాబు సరిగ్గా వస్తున్నట్టు కనిపిస్తుంది. రేస్ పోలేదు, దానికి దొరికే సందు మాత్రమే చిన్నదైంది. అసెంబ్లీ ఫైల్ తీసి చూడకపోతే ఈ తేడా తెలియదు.

ఇప్పుడు ఓఎస్ లోపలి అసలు భాగమైన కెర్నల్‌లోకి వద్దాం. అన్ని సీపీయూలూ ఒకే కౌంటర్‌ను అటామిక్‌గా, అంటే మధ్యలో ఎవరూ దూరకుండా ఒకే దెబ్బలో, పెంచితే లెక్క తప్పదు. కానీ ఆ కౌంటర్ ఉన్న 64 బైట్ల కాష్ లైన్ (కోర్ తన దగ్గరికి ఒకేసారి తెచ్చుకునే మెమరీ ముక్క) ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కు తిరుగుతూనే ఉంటుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు లెక్కపెట్టడానికి గేట్లన్నిటికీ కలిపి ఒకే బోర్డు పెట్టినట్టు. గేటుకో బోర్డు పెట్టి సాయంత్రం కూడుకుంటే తోపులాట ఉండదు. పర్-సీపీయూ కౌంటర్ అంటే ఇంతే.

"ఎవరి బోర్డు వాళ్లదే కదా, ఇక లాక్ ఎందుకు?" అనుకోవడం దగ్గరే అసలు తప్పు జరుగుతుంది. సీపీయూ 0 కౌంటర్‌లో 41 ఉంది. ఒక థ్రెడ్ సీపీయూ 0 మీద నడుస్తూ ఆ కౌంటర్ అడ్రస్ తీసుకుంది. అంతలో ప్రీఎంప్ట్ అయింది, అంటే ఏ థ్రెడ్ ఎప్పుడు నడవాలో చూసే షెడ్యూలర్ దాన్ని మధ్యలో ఆపేసింది. షెడ్యూలర్ దాన్ని సీపీయూ 1 మీద లేపింది. దాని చేతిలో ఉన్నది మాత్రం ఇంకా సీపీయూ 0 అడ్రసే. అది 41 చదివింది. అదే క్షణాన సీపీయూ 0 మీద మరో థ్రెడ్ కూడా 41 చదివి 42 రాసింది. మన థ్రెడ్ కూడా 42 రాసింది. వచ్చినవి రెండు బస్తాలు, బోర్డు మీద పెరిగింది ఒకటి.

జాగ్రత్తగా గమనిస్తే, వేరే సీపీయూ బోర్డు మీద రాయడం వల్ల మొత్తానికి నష్టం లేదు. కూడేటప్పుడు అన్నీ కలుస్తాయి. నష్టం వచ్చింది ఆ పెంపు అటామిక్ కాకపోవడం వల్ల. ఈ తేడా పట్టుకున్నవాళ్లు ఎంఎస్‌క్యూలో (ఒకటికి మించి సరైన జవాబులుండగల ప్రశ్నలో) నాలుగు ఆప్షన్లనూ ధైర్యంగా విడదీయగలరు. అక్కడ నెగెటివ్ మార్కులు లేకపోయినా, సగం సరైన జవాబుకు సగం మార్కులు కూడా రావు.

ఎక్స్86-64 (ఇంటెల్, ఏఎండీ) ప్రాసెసర్లలో లైనక్స్ దీన్ని అందంగా దాటుతుంది. ప్రతి సీపీయూ పర్-సీపీయూ ప్రాంతం జీఎస్ సెగ్మెంట్ బేస్‌తో (ఒక్కో సీపీయూలో వేరుగా ఉండే ప్రారంభ అడ్రస్‌తో) దొరుకుతుంది కాబట్టి, అడ్రస్ కనుక్కోవడం, పెంచడం రెండూ ఒకే ఇన్‌స్ట్రక్షన్‌లో అయిపోతాయి. ప్రీఎంప్షన్ గానీ ఇంటరప్ట్ (నడుస్తున్న పనిని ఆపి సీపీయూను పిలిచే హార్డ్‌వేర్ సంకేతం) గానీ ఇన్‌స్ట్రక్షన్ మధ్యలో దూరలేదు. వేరే సీపీయూ ఆ కౌంటర్‌లో రాయదు కాబట్టి, ఇతర సీపీయూలను అడ్డుకోవడానికి ఇన్‌స్ట్రక్షన్ ముందు పెట్టే లాక్ ప్రిఫిక్స్ కూడా అక్కర్లేదు. ఒకే ఇన్‌స్ట్రక్షన్ అంటే అన్ని సీపీయూల దృష్టిలోనూ అటామిక్ అనుకోవద్దు. లాక్ ప్రిఫిక్స్ లేని పెంపు తన సీపీయూ వరకే అఖండం. ఉమ్మడి కౌంటర్ మీద అదే ఇన్‌స్ట్రక్షన్ వాడితే లెక్క పోతుంది.

మెమరీలోనే కూడే ఇన్‌స్ట్రక్షన్ లేని ప్రాసెసర్లలో ఆ సౌకర్యం ఉండదు. లైనక్స్ సాధారణ రూపం అక్కడ ఇంటరప్ట్‌లు ఆపి, మూడు మెట్లూ నడిపి, మళ్లీ తెరుస్తుంది. ఆర్మ్64లో ప్రీఎంప్షన్ ఆపి అటామిక్ ఆపరేషన్ వాడతారు.

ప్రీఎంప్షన్ ఆపితే చాలదా, ఇంటరప్ట్‌లు ఎందుకు ఆపాలి? చాలామంది తడబడేది ఇక్కడే. ప్రీఎంప్షన్ ఆపడం షెడ్యూలర్‌ను మాత్రమే అడ్డుకుంటుంది. మనం 41 చదివాక ఇంటరప్ట్ హ్యాండ్లర్ (ఇంటరప్ట్ రాగానే నడిచే కోడ్) వచ్చి అదే కౌంటర్‌ను 42 చేసి వెళ్తే, మనం దాని మీద మళ్లీ 42 రాస్తాం. కాబట్టి ప్రశ్న చూడగానే మధ్యలో దూరేది ఎవరో అడగండి. అదే సీపీయూ మీది ఇంకో థ్రెడ్డయితే ప్రీఎంప్షన్ ఆపితే చాలు. హ్యాండ్లర్ కూడా ఆ కౌంటర్‌ను ముట్టుకుంటే లోకల్ ఇంటరప్ట్‌లు ఆపాలి. వేరే సీపీయూ అయితే ఆ రెండూ పనికిరావు, అటామిక్ ఆపరేషనో స్పిన్‌లాకో (ఖాళీ అయ్యేదాకా తిరుగుతూ ఎదురుచూసే లాక్) ఉండాల్సిందే. ప్రీఎంప్షన్ ఆపిన చోట నిద్రపోయే పని చేయకూడదన్నది కూడా గుర్తుంచుకోండి. చేస్తే కెర్నల్ "షెడ్యూలింగ్ వైల్ అటామిక్" అని లాగ్‌లో అరుస్తుంది.

కూడేటప్పుడు వచ్చే మొత్తం ఒక క్షణపు ఫొటో కాదు. సీపీయూ 0 ది చదివి సీపీయూ 7 కు చేరేలోపు 0 మారిపోవచ్చు. ఒక సీపీయూ మీద పెంచి ఇంకో దాని మీద తగ్గిస్తే విడి కౌంటర్ నెగెటివ్‌లోకి పోవచ్చు, మొత్తం మాత్రం సరిగానే ఉంటుంది.

లైనక్స్‌లో పర్‌సీపీయూ_కౌంటర్ అని ఇంకో ఏర్పాటు ఉంది, దాని మీద లెక్క చేసి చూడండి. సీపీయూ దగ్గరి లెక్క బ్యాచ్ సంఖ్యకు చేరగానే ఉమ్మడి లెక్కలో కలిపేస్తారు. బ్యాచ్ అంటే 32, సీపీయూల సంఖ్యకు రెట్టింపు, ఈ రెండింటిలో పెద్దది. 8 సీపీయూలుంటే బ్యాచ్ 32. ఒక్కొక్కటిగా పెంచుతూ పోతే ప్రతి సీపీయూ దగ్గర ఎక్కువలో ఎక్కువ 31 దాగి ఉండొచ్చు. ఉమ్మడి లెక్క మాత్రమే చూస్తే తేడా 248 దాకా వస్తుంది. 64 సీపీయూలకు బ్యాచ్ 128, తేడా 64 × 127, అంటే 8128. ఈ కౌంటర్‌తో లెక్కపెట్టేది డిస్క్‌లో ఖాళీ బ్లాకులనే అనుకుందాం: అవి కొన్ని లక్షలున్నప్పుడు ఈ తేడాతో పనిలేదు. ఖాళీ 8 వేల దగ్గరికి వచ్చిందంటే మాత్రం ప్రతి సీపీయూ దగ్గరికీ వెళ్లి కూడుకు రావాల్సిందే.